కొలవడం కాపాడడం కాదు

న్యూజీలాండ్ మాట వస్తే చాలు, మనవాళ్ళ నోట ఒక వాక్యం సిద్ధంగా ఉంటుంది: “అక్కడ అన్నీ సిస్టమ్ ప్రకారం జరుగుతాయండీ.” నదులు అద్దంలా ఉంటాయంటారు. పర్యావరణాన్ని చూసుకోవడానికి విడిగా ఒక కౌన్సిలే ఉందంటారు. ఈ చివరి ముక్క అక్షరాలా నిజం. నేనుండే కాంటర్‌బరీ ప్రాంతంలో ఆ కౌన్సిల్ పేరు ఎన్విరాన్‌మెంట్ కాంటర్‌బరీ. నా ఇంటిపన్నులో దాని వాటా ఏటా కడుతూనే ఉన్నాను. సిస్టమ్ ఉన్నమాట నిజం, అది పనిచేస్తున్న మాటా నిజం. నా పేచీ అంతా అది చేస్తున్న పని ఏమిటన్న దగ్గరే. అది నీళ్ళను కొలుస్తోంది. కాపాడటం లేదు. ఈ రెండూ ఒకటేనని నమ్మించడం మీదే ఈ దేశపు పచ్చటి పేరు నిలబడి ఉంది.

ముందు ఈ కౌన్సిల్ అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఇలాంటిది లేదు. 1989లో ఇక్కడ స్థానిక పాలనను తిరగరాసినప్పుడు ఒక మంచి పని చేశారు. ప్రాంతీయ కౌన్సిళ్ళ హద్దుల్ని రోడ్లను బట్టో, కులాల లెక్కలను బట్టో, ఏ ఎమ్మెల్యేకి ఏ ఊరు కలిసొస్తుందన్నదాన్ని బట్టో కాకుండా నదుల పరీవాహక ప్రాంతాలను బట్టి గీశారు. వాన ఏ కొండమీద పడి, ఏ ఏట్లో కలిసి, ఎక్కడ సముద్రంలోకి పోతుందో ఆ మొత్తం ఒకే కౌన్సిల్ కిందికి రావాలన్నది ఆలోచన. మనకి జిల్లా సరిహద్దు కృష్ణ మధ్యలోంచి పోతుంది. ఇక్కడ నది మొత్తానికీ ఒకే జవాబుదారీ. దేశంలో ఇప్పుడు ఇలాంటి ప్రాంతీయ కౌన్సిళ్ళు 11 ఉన్నాయి. మరో 5 చోట్ల ఆ పని కూడా మామూలు నగర, జిల్లా కౌన్సిళ్ళే చూస్తాయి. 1991లో వచ్చిన వనరుల నిర్వహణ చట్టం వీటికి అసలైన అధికారం ఇచ్చింది. ఏట్లోంచి ఎవరు ఎన్ని నీళ్ళు తోడుకోవచ్చు, నేలలోకీ నీటిలోకీ గాలిలోకీ ఎవరు ఏమి వదలొచ్చు అనేదానికి అనుమతి ఇచ్చేదీ కౌన్సిలే, నిరాకరించగలిగేదీ కౌన్సిలే. వరద కట్టలు చూసేది కూడా అదే. వీటన్నిటి పైనా జనం ఓటేసి ఎన్నుకున్న సభ్యులుంటారు.

కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు నేనెక్కడా చూడలేదు. దాని కొలత పని కూడా మెచ్చుకోదగ్గదే. ఏ నదిలో ఇవాళ ఎంత ప్రవాహం ఉందో ఫోన్లో చూసుకోవచ్చు. బావుల్లో నైట్రేట్ ఎంతుందో ఏటా పరీక్షలు చేసి నివేదిక వేస్తారు. ఏ రేవులో స్నానం చెయ్యొచ్చు, ఎక్కడ విషపు నాచు పట్టింది, కుక్కను ఎక్కడ నీళ్ళలోకి దింపకూడదు అన్నీ బోర్డులు పెట్టి మరీ చెబుతారు. అయితే ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఏట్లోకి దిగొద్దని బోర్డు పెట్టడం నన్ను కాపాడటమే గానీ ఏటిని కాపాడటం కాదు. ఆ బోర్డుల సంఖ్య పెరగడం కౌన్సిల్ చురుకుదనానికి గుర్తు ఎలా అవుతుంది?

కాంటర్‌బరీ మైదానం అంటే ఆల్ప్స్ కొండల నుంచి నదులు లక్షల ఏళ్ళుగా మోసుకొచ్చి పరిచిన గులకరాళ్ళ నేల. వైమకరీరీ, రకాయా, రంగిటాటా నదులు ఒకే పాయగా పారవు. జడ అల్లినట్టు విడిపోతూ, కలుస్తూ, ఇసుక తిన్నెల మధ్య దారి మార్చుకుంటూ పోతాయి. ఆ గులకరాళ్ళ మధ్యే గుడ్లు పెట్టే ఒక చిన్న పిట్ట ఉంది, ముక్కు కుడిపక్కకి వంగి ఉంటుంది. ప్రపంచంలో ముక్కు పక్కకి వంగిన పక్షి అదొక్కటే. రాళ్ళ అడుగున దాక్కున్న పురుగుల్ని ఏరుకోవడానికి ఆ వంపు. నది పారే తీరే ఆ ముక్కును వంచింది. అలాంటి నేలమీద ఒకప్పుడు గొర్రెలు మేసేవి, గోధుమ పండేది. తర్వాత పాలకు ధర వచ్చింది, నదుల నీళ్ళు తోడి చల్లే యంత్రాలు వచ్చాయి. 1990లో ఈ ప్రాంతంలో పాడి పశువులు లక్ష పైచిలుకు. 2019 నాటికి 12 లక్షలు. మందల్ని ఆరుబయటే మేపుతారు. టీవీ ప్రకటనల్లో కనిపించే పచ్చిక అదే.

ఇక్కడ మనవాళ్ళకి కాస్త ఇబ్బందిగా ఉండే విషయం ఒకటి చెప్పాలి. ఈ నీళ్ళను పాడుచేస్తున్న వాటిలో మొదటిది ఆవు పంచితం. ఆవు ఒకచోట మూత్రం పోస్తే ఆ జానెడు నేలమీద పడే నత్రజని అక్కడి గడ్డి పీల్చుకోగలిగినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మిగిలింది నైట్రేట్‌గా మారి, వాన నీటితోనూ చల్లిన నీటితోనూ కలిసి గులకరాళ్ళ సందుల్లోంచి కిందికి దిగిపోతుంది. జల్లెడలో పోసిన నీళ్ళు ఎంత ఆగుతాయో ఆ నేలలో అంతే ఆగుతాయి. ఒక ఆవు, వంద ఆవులు అయితే నేల సర్దుకుంటుంది. 12 లక్షలకి సర్దుకోదు. పైగా ఇవాళ దిగింది బావిలో రేపే కనబడదు. కొన్నిచోట్ల ఏళ్ళు, కొన్నిచోట్ల దశాబ్దాలు పడుతుంది. అంటే ఇవాళ బావిలో కొలుస్తున్నది నిన్నటి అనుమతుల ఫలితం. ఇవాళ్టి అనుమతుల ఫలితం మన పిల్లలు కొలుస్తారు. అందుకే కొలత మీద నడిచే కాపలా ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది.

ఈ ప్రాంతంలో తాగేది ఎక్కువగా ఆ నేల కింది నీళ్ళే. తాగేనీటిలో నైట్రేట్ రూపంలోని నత్రజని లీటరుకి 11.3 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ఇక్కడి పరిమితి. సీసాపాలు తాగే పసికందుల రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్ళు నీలంగా మారే జబ్బు ఉంది, దాన్ని దృష్టిలో పెట్టుకుని ఎప్పుడో పెట్టిన హద్దు అది. 2018లో డెన్మార్క్ పరిశోధకులు 27 లక్షల మంది వివరాలు పరిశీలించి, ఇంతకంటే చాలా తక్కువ స్థాయిలోనే పెద్దపేగు క్యాన్సర్‌తో సంబంధం కనబడుతోందని చెప్పారు. అది ఇంకా తేలని చర్చే, ఒప్పుకుంటాను. కానీ తేలేదాకా ఎవరి కడుపు మీద ప్రయోగం చేస్తున్నారు? పల్లెల్లో సొంత బావి ఉన్నవాళ్ళు తమ నీళ్ళు తామే పరీక్ష చేయించుకోవాలి. ఎగువన ఆవుల్ని పెట్టింది ఒకరు, దిగువన పరీక్ష ఖర్చు పెట్టుకునేది మరొకరు.

ఇంత జరుగుతుంటే కౌన్సిల్ ఏం చేసింది? అనుమతులు ఇచ్చింది. నీటి అనుమతుల విషయంలో ఇక్కడ నడిచింది ముందొచ్చినవాడికే ముందు అన్న పద్ధతి. ఎవరి అవసరం ఎంత, ఏటికి ఏమి మిగులుతుంది అన్న ప్రశ్నలు తర్వాత. దరఖాస్తు ముందు పెట్టినవాడిదే నీరు. అనుమతికి గరిష్ఠ గడువు 35 ఏళ్ళు. ఒక కౌన్సిలర్ మూడేళ్ళకోసారి జనం ముందుకు రావాలి. అతను కూర్చున్న కౌన్సిల్ ఇచ్చే అనుమతి మాత్రం ఒక తరం మొత్తం నిలుస్తుంది. ఫలితం సెల్విన్ ఏట్లో చూడొచ్చు. దాని మధ్యభాగం ఎండటం సహజమే, అది పాత సంగతి. కానీ దిగువన, ఊటనీళ్ళతో నిండే ఈతరేవు కూడా 2017 వేసవిలో ఎండింది. ఆ ఏరు వెళ్ళి కలిసే తె వైహోరా సరస్సు దేశంలోకెల్లా బాగా పాడైనవాటిలో ఒకటి. ఆ సరస్సు అడుగు నేలను 1998 ఒప్పందంలో నాయ్ తాహు మావోరీ తెగకి తిరిగి ఇచ్చారు. వాళ్ళ తాతలు ఈల్ చేపలు పట్టుకు బతికిన సరస్సు అది. చెడిపోయాక నేల చేతికొచ్చింది, ఎగువ నీళ్ళ మీద అధికారం రాలేదు.

కౌన్సిల్ బలహీనంగా ఉంది కాబట్టే ఇలా జరిగింది అంటారు కొందరు. 2010లో ఏం జరిగిందో చూస్తే ఆ బలహీనత ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. అప్పటికి కౌన్సిల్లో నీళ్ళ మీద గట్టిగా మాట్లాడేవాళ్ళు పెరిగారు. సభ్యులు రెండు వర్గాలుగా చీలిపోయారు. అనుమతుల దరఖాస్తులు పేరుకుపోయాయి. అది నిజమైన లోపమే. దాన్ని సాకుగా తీసుకుని 2010 మార్చిలో కేంద్ర ప్రభుత్వం అత్యవసర పద్ధతిలో, అంటే ప్రజాభిప్రాయం అడగకుండా, పార్లమెంటులో ఒక చట్టం చేసింది. ఎన్నికైన 14 మందిని ఇంటికి పంపి ఏడుగురు కమిషనర్లను కూర్చోబెట్టింది. ఆ ఏడాది జరగాల్సిన ఎన్నికలు ఆగాయి. 2013లో జరుగుతాయన్నారు, అవీ ఆగాయి. 2016లో సగం మందిని ఎన్నుకోనిచ్చారు. పూర్తి కౌన్సిల్‌ని ఎన్నుకోవడానికి 2019 దాకా ఆగాల్సొచ్చింది. అదే చట్టంతో ప్రాంతీయ నీటి ప్రణాళిక నచ్చకపోతే పర్యావరణ కోర్టుకి పోయే హక్కు కూడా తీసేశారు, చట్టపరమైన పొరపాట్ల మీద హైకోర్టుకు పోవడం తప్ప.

కమిషనర్ల కాలంలో పని వేగంగా జరిగింది, ప్రణాళిక పూర్తయింది అని సమర్థించేవాళ్ళున్నారు. వేగంగా జరిగింది, కాదనను. దరఖాస్తులు ఆలస్యం అవుతుంటే ఇంకా పదిమంది ఉద్యోగుల్ని వేయొచ్చు. సభ్యులు కొట్టుకుంటుంటే ఏడు నెలల్లో ఎన్నికలున్నాయి, జనమే తేల్చేవాళ్ళు. ఆఫీసులో ఫైళ్ళు కదలట్లేదని లక్షలమంది ఓటును తొమ్మిదేళ్ళు తాళం వేసి పెట్టడం ఏ జబ్బుకి మందు? జనం ఓటేస్తే వద్దనే కౌన్సిల్ వస్తుందేమోనన్న భయం తప్ప దీనికి వేరే అర్థం నాకు కనబడలేదు.

ఈ కౌన్సిల్‌కి చేతకాదని మాత్రం అనకండి. చేతనవుతుంది. క్రైస్ట్‌చర్చ్‌లో చలికాలం రాత్రుళ్ళు కట్టెల పొయ్యిల పొగ ఊరంతా కమ్ముకునేది. కౌన్సిల్ నియమాలు పెట్టింది, పాత పొయ్యిలు తీసి కొత్త హీటర్లు పెట్టుకోవడానికి డబ్బు సాయం చేసింది, 2010 నుంచి చలికాలంలో తెరిచిన పొయ్యిల్ని నిషేధించింది. పొగ బాగా తగ్గింది. అది నిజమైన విజయం. అక్కడ కొలిచి ఊరుకోలేదు. హద్దు పెట్టింది, గడువు పెట్టింది, సాయం చేసింది, మాట వినకపోతే ఆపింది. అదే కౌన్సిల్, అదే చట్టం. ముసలమ్మ ఇంట్లో కట్టెల పొయ్యిని ఆర్పించగలిగినవాళ్ళు పెద్ద కంపెనీ పొలంలో మందను ఎందుకు తగ్గించలేకపోయారు? తేడా పరిజ్ఞానంలో లేదు. ముసలమ్మ వెనక పార్లమెంటు లేదు, అంతే.

పార్లమెంటు ఎవరి వెనక ఉందో 2024లో మళ్ళీ చూశాం. యాష్‌బర్టన్ దగ్గరి ఒక పెద్ద నీటిపారుదల పథకానికి పొలాల నుంచి కాలుష్యం వదిలేందుకు కౌన్సిల్ అనుమతి ఇచ్చింది. నీటిలో బతికే జీవాలకు గణనీయంగా హాని చేసే విడుదలకి అనుమతి ఇవ్వకూడదని చట్టంలో ఒక సెక్షన్ ఉంది. ఆ అనుమతి చట్టవిరుద్ధం అని మార్చిలో హైకోర్టు తేల్చింది. ఎవరైనా ఏమనుకుంటారు? అనుమతి మారుతుందని. మారింది సెక్షన్. అక్టోబరులో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. ఇప్పటికే హాని జరుగుతున్న నీళ్ళలోకి కూడా, కాలక్రమంలో తగ్గిస్తామంటే, అనుమతి ఇవ్వొచ్చు. ముందు నీటి ఆరోగ్యం, తర్వాత తాగునీరు, ఆ తర్వాతే వ్యాపారం అని 2020లో పెట్టుకున్న వరసను కూడా అనుమతులిచ్చేటప్పుడు చూడనక్కర్లేదన్నారు. గీత దాటాడని కోర్టు అంటే గీతను జరిపారు.

ఒక్కోసారి కాపలాదారుకే పొలంలో వాటా ఉంటుంది. ఉత్తర దీవిలోని హాక్స్ బే ప్రాంతీయ కౌన్సిల్ తన పెట్టుబడుల సంస్థ ద్వారా రువటనీఫా అనే ఆనకట్టను తానే తలకెత్తుకుంది. ఆ నది నీటి నాణ్యతకి నియమాలు పెట్టాల్సిందీ తనే, ఆ నీళ్ళు అమ్మి లాభం తీయాలనుకుందీ తనే. కంచే చేను మేయడం అని మనం ఊరికే అనలేదు. రక్షిత అడవిలోని 22 హెక్టార్లు నీటి కింద మునగడానికి వేసిన మార్పిడి ఎత్తును 2017 జులైలో సుప్రీంకోర్టు చెల్లదంది, ఆ పథకం ఆగింది. ఆపింది కోర్టు. కౌన్సిల్ ఆపలేదు.

2025 సెప్టెంబరులో, ఎన్నికలకు కొద్ది వారాల ముందు, ఎన్విరాన్‌మెంట్ కాంటర్‌బరీ నైట్రేట్ ఎమర్జెన్సీ ప్రకటించింది. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు అంటారే, అది. మొరిగినందుకు సంతోషమే. కానీ ఆ ప్రకటనతో ఒక్క ఆవు తగ్గలేదు, ఒక్క అనుమతి రద్దు కాలేదు. పైగా పాడి విస్తరణకి అడ్డంగా దేశమంతటా పెట్టిన తాత్కాలిక నియమాల గడువు ఆ ఏడాది మొదట్లోనే తీరిపోయింది. ఆ తర్వాత మరిన్ని ఆవులకి అనుమతులు ఇచ్చింది కూడా ఈ కౌన్సిలే. నవంబరులో కేంద్ర ప్రభుత్వం మరో అడుగు ముందుకేసి, దేశమంతటా ప్రాంతీయ కౌన్సిలర్ల పదవులే తీసేసి, ఆ అధికారం ఆయా ఊళ్ళ మేయర్ల బోర్డులకి ఇద్దామని ప్రతిపాదించింది. 2010లో ఒక ప్రాంతానికి చేసింది ఇప్పుడు అందరికీ. మేయర్ తన ఊరికి రోడ్డు, తన ఊరికి పెట్టుబడి చూసుకుంటాడు. అది అతని పని. నది మొత్తం నాది అనే మనిషి అప్పుడెవరు మిగులుతారు?

పాడిరైతు మాటా వినాలి. ఈ దేశపు ఎగుమతుల్లో పాలదే మొదటి స్థానం. బ్యాంకు అప్పు తెచ్చి, సర్కారు ప్రోత్సహిస్తేనే పొలం మార్చుకున్నవాడు అతను. రేపటికి రేపు సగం ఆవుల్ని అమ్ముకోమంటే మునిగిపోతాడు. అందుకే నేను రైతును తిట్టడం లేదు. ముందే హద్దు గీసి ఉంటే అతను అంత అప్పు చేసేవాడే కాదు. హద్దు గీయని కౌన్సిల్, గీసే కౌన్సిల్ చెయ్యి పట్టుకున్న ప్రభుత్వం ఏటికి ఎంత ద్రోహం చేశాయో రైతుకీ అంతే చేశాయి.

ఇదంతా ఎక్కడో దక్షిణ సముద్రంలో గొడవ, మనకెందుకు అనుకోకండి. మాది కొల్లేటి పక్క ఊరు. 1999లో కొల్లేటిని అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2006లో కోర్టు ఆదేశాల మీద చేపల చెరువుల గట్లు కొట్టేశారు. 2008లో హద్దును మూడో కాంటూరుకి కుదించాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. ఇక్కడ సెక్షన్ జరిగితే అక్కడ కాంటూరు జరగాలన్నారు. సిస్టమ్ లేకపోవడం వల్ల మన సరస్సులు పాడయ్యాయి, సిస్టమ్ ఉంటే బాగుపడతాయి అని నమ్మేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే: సిస్టమ్ ఉన్నచోట కూడా వద్దు అనే అధికారం జనం చేతిలో లేకపోతే అది మంచి లెక్కల పుస్తకంగా మిగిలిపోతుంది.

కాబట్టి నేను అడిగేవి ఇవి. నీళ్ళు ఇప్పటికే హద్దు దాటిన చోట కొత్త మందకి అనుమతి ఇవ్వకూడదు, ఒక్కటి కూడా. అనుమతి గడువు 35 ఏళ్ళు కాదు, కౌన్సిల్ తిరిగి చూడగలిగినంతే ఉండాలి. పొయ్యిల విషయంలో చేసినట్టే రైతుకి గడువూ సాయమూ రెండూ ఇచ్చి మందలు తగ్గించాలి. కోర్టు తప్పన్నదాన్ని ఒప్పు చెయ్యడానికి చట్టాలు మార్చడం మానాలి. అన్నిటికంటే ముందు, నదికోసం ఓటేసే హక్కు తీసేయకూడదు.

చివరిది మనకి సంబంధించినది. ఈ దేశంలో ఓటెయ్యడానికి పౌరసత్వం అక్కర్లేదు. రెసిడెంట్ వీసా ఉండి, ఏడాది ఇక్కడ ఉంటే చాలు. బ్యాలెట్ పోస్టులో ఇంటికే వస్తుంది. అయినా స్థానిక ఎన్నికల్లో పదిమందిలో నలుగురే ఓటేస్తారు, ఆ నలుగురిలో మనవాళ్ళు ఎంతమందో మన పార్టీల్లో కాసేపు కూర్చుంటే తెలుస్తుంది. మేయర్ పేరు తెలుసు, ప్రాంతీయ కౌన్సిల్‌కి ఎవరు నిలబడ్డారో తెలియదు. బతుకమ్మని వదలడానికి శుభ్రమైన నీళ్ళు వెతుక్కునే వాళ్ళం మనం; ఆ నీళ్ళ మీద అధికారం ఉన్న కౌన్సిల్ పేరు మనకి తెలియదంటే ఎలా? ఆ కాగితం మీద గీత పెట్టే రోజు ఇంకా మన దగ్గర ఉంది. దాన్ని రద్దు చేద్దామని చూస్తున్నవాళ్ళకి దాని విలువ మనకంటే బాగా తెలుసు.